ఇదేమన్నా ఎంక్వైరీనా?

ప్రశ్న: మేడమ్, నాకు 27 ఏళ్ళు. తిరుపతి బస్టాండు దగ్గర, శ్రీనివాసం కాంప్లెక్సు వైపు, ఒక జెరాక్స్ షాపులో ఆరేళ్ళుగా పని చేస్తున్నా. పొద్దున ఆరుకి షట్టర్ ఎత్తితే రాత్రి తొమ్మిదికి దించేది. ఆధార్ జెరాక్సులు, దర్శనం టికెట్ల ప్రింటవుట్లు, లామినేషన్. పనితో నాకేం ఇబ్బంది లేదు. పని లేకుండా వచ్చేవాళ్ళతోనే ఇబ్బంది. టోకెన్లు ఎక్కడిస్తారు, కొండ బస్సు ఎక్కడ, బాత్రూమ్ ఎక్కడ, ఫోను చార్జింగు పెట్టుకోనా, తిరుచానూరుకి ఆటో ఎంత. మొదట్లో అందరికీ ఓపిగ్గా చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఎవరన్నా చేతిలో కాగితం లేకుండా షాపు మెట్టు ఎక్కితేనే ఒళ్ళు మండుతుంది.

పోయిన నెల మధ్యాహ్నం పన్నెండున్నరకి ఒక పెద్దావిడ వచ్చింది. గుండు, దాని మీద చందనం, కాళ్ళకి చెప్పుల్లేవు. తమిళంలో వేలూరు బస్సు ఎక్కడని అడిగింది. చెప్పినా. పోయి మళ్ళీ వచ్చింది. మళ్ళీ చెప్పినా. మూడోసారి వచ్చేసరికి ప్రింటర్లో పేపర్ ఇరుక్కుని ఉంది, ముందర ఎనిమిది మంది ఉన్నారు. 'ఇదేమన్నా ఎంక్వైరీనా? పో అవతలికి' అని గట్టిగా అరిచినా. 'సరి సామీ' అని చేతులు జోడించి పోయింది. పోయి రోడ్డు అవతల డివైడరు పక్కన కూచుంది. అక్కడ నీడ లేదు. గంటసేపు అట్లనే ఉంది. నాకు అద్దంలోంచి కనపడతానే ఉంది. నేను మాత్రం కౌంటర్ దాటి బయటికి రాలేదు. తర్వాత చూస్తే లేదు.

మా అమ్మకి చెప్తే 'నువ్వట్లాంటోడివి కాదే' అనింది. ధ్యానం క్లాసులకి పొమ్మంటున్నారు స్నేహితులు. ఓర్పు ఎట్లా వస్తుంది మేడమ్? షాపు ముందర ఒక కుర్చీ వేద్దామనుకుంటున్నా. మా ఓనరు ఒప్పుకుంటాడో లేదో.

జెరాక్స్ షాపు అబ్బాయి, తిరుపతి

సమాధానం: నాయనా, నీ ఉత్తరంలో అరిచిన సంగతి ఒక్క వాక్యంలో అయిపోయింది. ఆమె కూచున్న సంగతి ఆరు వాక్యాలు పట్టింది. అంటే నిన్ను తినేస్తున్నది అరుపు కాదు, ఆ గంట. అరిస్తే నోరు జారింది అనుకోవచ్చు. గంటసేపు చూస్తా బయటికి రాకపోవడాన్ని నోరు జారడం అనలేం కదా. అది నీకూ తెలుసు కాబట్టే రాసినావు. దాన్ని కడిగేసే మాటలు నా దగ్గర లేవు.

అయితే ఆమె ఏమైపోయిందో అని రాత్రిళ్ళు ఊహించుకుంటా ఉంటే మాత్రం ఆ పని మానుకో. మనుషులు తప్పిపోవడం ఈ ఊరికి కొత్త కాదు. కొండ మీద మైకులో తెలుగు, తమిళం, కన్నడం, హిందీలో పిలుస్తానే ఉంటారు, ఫలానా ఊరి ఫలానా వాళ్ళు ఎక్కడున్నా ఫలానా చోటికి రావాలని. నేను చూసినంతలో తప్పిపోయినోళ్ళు చాలామంది ఆ పొద్దుకే తమవాళ్ళను కలుసుకుంటారు. ఆమెను కూడా ఎవరో ఒకరు బస్సెక్కించే ఉంటారు. ఆ ఎవరో నువ్వు కాకపోయావు.

ఇక ఓర్పు సంగతి. నేను రిటైరు కాకముందు చాలా ఏళ్ళు విచారణ కిటికీ వెనక కూచున్నదాన్ని. ఏ ఆఫీసు అనేది ఇప్పుడెందుకులే. నువ్వు 'ఇదేమన్నా ఎంక్వైరీనా' అన్నావు చూడు, నాది నిజంగానే ఎంక్వైరీ. జీతం తీసుకుని చెప్పే పని. అయినా అరిచేదాన్ని.

ఒక ఎండాకాలం, పంచె కట్టుకుని భుజాన తుండు వేసుకున్న ఒకాయన కిటికీ ముందర నిలబడి ఒకే మాట ఐదుసార్లు అడిగినాడు. ఐదుసార్లూ చెప్పినా. ప్రతిసారీ తల ఊపడం, రెండడుగులు వెయ్యడం, మళ్ళీ రావడం. ఆరోసారి 'చెవుడా నీకు?' అనేసినా. వెనక వరసలో ఉన్నోళ్ళు నవ్వినారు. ఆయన మొహం ఇంత చేసుకుని పక్కకి జరిగినాడు. మా అటెండరు, నాకన్నా పదేళ్ళు పెద్ద, చేతిలో ఉన్న టీ గ్లాసులు కింద పెట్టి 'మ్మా, ఒక్క నిమిషం ఇట్ల రాండి' అన్నాడు. చుట్టూ తిప్పి, జనం నిలబడే వైపుకి తీసుకుపోయి, నా కిటికీ ముందరే నన్ను నిలబెట్టినాడు. తను లోపలికి పోయి నా కుర్చీలో కూచుని ఏదో చెప్పినాడు.

ఒక్క ముక్క వినపడితే ఒట్టు. నా కుర్చీ వెనక ఒక పాత స్టాండు ఫ్యాను ఉండేది. దాని గరగర అంతా అద్దానికి చేసిన రంధ్రంలోంచి నేరుగా బయటికి వస్తా ఉంది. ఆ రంధ్రం ఛాతీ ఎత్తున ఉంది. వినాలంటే వంగాలి, వంగితే మాట్లాడే మనిషి నోరు కనపడదు. నిటారుగా నిలబడితే అద్దం మీద బయటి ఎండ పడి, లోపలున్నది మనిషో బీరువానో తెలీదు. ఆ కిటికీ లోపలి వైపు అన్నేళ్ళు కూచున్నా. బయటి వైపు నిలబడింది అదే మొదలు.

ఫ్యాను తీసి పక్క గోడ దగ్గర పెట్టించినాం. వారం తిరక్కుండానే మళ్ళీ మళ్ళీ అడిగేవాళ్ళు తగ్గినారు, నా కోపమూ అంతే తగ్గింది. నేనేం మారలేదు, దేవుడి సాక్షిగా. ఫ్యాను మారింది. ఆ పంచె కట్టుకున్నాయన్ని మాత్రం మళ్ళీ చూడలేదు.

కాబట్టి ధ్యానం తర్వాత చూసుకుందువు. రేపు పన్నెండు గంటలప్పుడు నీ షాపు ముందర, రోడ్డు మీద, చెప్పులు విడిచి పది నిమిషాలు నిలబడు. అక్కడినుంచి నీ షాపు ఎట్లా కనపడుతుందో చూడు. నేను చూడకుండానే చెప్తా: తెల్లటి లైట్లు, కౌంటరు, దాని వెనక ఒక మనిషి, పైన బోర్డు మీద దర్శనం, టికెట్లు, ఆధార్ అని చెయ్యంత అక్షరాలు. ఆ వీధిలో ఎంక్వైరీ మాదిరి కనపడేది నీ షాపొక్కటే. మీ ఓనరు డబ్బులిచ్చి ఆ అక్షరాలు రాయించింది యాత్రికులు రావాలనే. వచ్చినారు.

ఇప్పుడు ఆ పెద్దావిడ లెక్క కూడా ఒకసారి వెయ్యి. ఇంటి దగ్గర బయల్దేరి ఎన్ని గంటలైందో. అలిపిరి మెట్లెక్కి ఉంటే 3550 మెట్లు, అందులో మోకాళ్ళ మెట్టు దగ్గర చేతులు ఆనించకుండా ఎక్కినోళ్ళు అరుదు. కల్యాణకట్టలో తలనీలాలు. ఫోనుంటే గుడి లోపలికి పోకముందే అప్పజెప్పాలి. వైకుంఠం కంపార్టుమెంట్లలో కూచోవడం, లేవడం, తోసుకోవడం. బయటికొచ్చేసరికి తనవాళ్ళు ఒక దిక్కు, తను ఒక దిక్కు. కిందికి దిగే బస్సు మొదటి ఘాట్ రోడ్డులో వస్తుంది, 1944లో వేసిన దారి. ఆ మలుపుల్లో నిమ్మకాయ వాసన చూస్తా దిగే ఆడవాళ్ళను నువ్వు చూసే ఉంటావు. ఇదంతా అయినాక నీ షాపు. అట్లాంటి తలకాయలోకి 'స్ట్రెయిట్‌గా పోయి లెఫ్ట్ తీసుకో, ఆ బడ్డీకొట్టు దాటినాక రైటు' అంటే యాడ ఎక్కుతుంది? నువ్వు రెండుసార్లు చెప్పినా అంటున్నావు. ఆమె రెండుసార్లు విన్నాను అనదు.

దారి చెప్పడం ఒక పని నాయనా, నీ లామినేషన్ మాదిరే. చేతకాకపోతే ముడతలు పడుతుంది. మొదట ఎక్కడికి అని కాదు, ఎక్కడినుంచి వస్తున్నారు అని అడగాలి. 'కొండ బస్సు' అనేవాడు కొండకి పోయేవాడు కావచ్చు, కొండ నుంచి వచ్చి తను దిగిన బస్సు దగ్గర మరిచిపోయిన సంచి కోసం తిరిగేవాడూ కావచ్చు. తర్వాత, ఒక్క మలుపే చెప్పాలి. రెండో మలుపు చెప్పినావంటే మొదటిది కొట్టుకుపోతుంది. 'ఆ పచ్చ బోర్డు కనపడుతోందా, అక్కడిదాకా పో, అక్కడ మళ్ళీ అడుగు.' కుడి ఎడమ అనొద్దు, చెయ్యి చాపు. చెప్పినాక వాళ్ళ చేత తిరిగి చెప్పించుకో. తలలు ఊపేది అర్థమై కాదు, మర్యాదకి. మనకి డాక్టరు ముందర తల ఊపే అలవాటు లేదూ, అట్లాంటిదే.

మాటల విషయానికొస్తే, ఈ పక్క పుట్టి నాకు తమిళం రాదు అంటే ఎవరూ నమ్మరు. మా పుత్తూరు వైపు సంతలో బేరం తమిళంలో మొదలై తెలుగులో తెగుతుంది. నీకు నాలుగు మాటలు చాలు. తమిళం వాళ్ళకి 'అంగ పోయి కేళుంగ', కన్నడం వాళ్ళకి 'అల్లి హోగి కేళి'. అక్కడికి పోయి అడగండి అని. ఆ రెండు భాషల్లోనూ అడగడానికీ వినడానికీ ఒకటే మాట, గమనించినావా? మనం తెలుగులో రెండూ విడగొట్టుకున్నాం. హిందీ నీకు సినిమాల్లోంచి వచ్చే ఉంటుంది.

ఇంకొక సంగతి. ఇది నీ ఉత్తరంలో లేదు, నీకు తట్టలేదో ఏమో. బస్టాండు చుట్టుపక్కల యాత్రికులతో అందరికన్నా ఓర్పుగా, అందరికన్నా తియ్యగా మాట్లాడేది ఎవరు? దళారీలు. 'రాండి అమ్మా, కూచోండి అయ్యా, నీళ్ళు తాగండి' అంటారు. పదిసార్లడిగినా విసుక్కోరు. వాళ్ళ భాషలోనే జవాబిస్తారు. నువ్వు తరిమేసిన మనిషి నేరుగా పోయి పడేది అట్లాంటి చేతిలోనే. ఉచితంగా ఇచ్చే టోకెనుకి వందలు పుచ్చుకుని మాయమయ్యేవాడు నీకన్నా చాలా ఓపికమంతుడు. నాకు ఈ ఆలోచన వచ్చిన రోజునుంచి తియ్యటి మాట మీద పెద్ద గౌరవం లేదు. నువ్వు విసుక్కుంటూ చెప్పినా సరే, ఈ నాలుగు ముక్కలు చెప్పు: సర్వదర్శనం టోకెనుకి డబ్బుల్లేవు, ఆధార్ చూపిస్తే శ్రీనివాసంలో, రైల్వే స్టేషను ఎదురుగా విష్ణునివాసంలో, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్సులో ఇస్తారు. ఆ పూటకి అయిపోతే, టోకెను లేకుండా కూడా పైకి పోయి సర్వదర్శనం వరసలో నిలబడొచ్చు, ఎక్కువసేపు పడుతుందంతే. దీన్నే నాలుగు భాషల్లో ప్రింటు తీసి, బాణం గుర్తు వేసి, లామినేషన్ చేసి అద్దానికి అంటించు. ఊరందరికీ ప్రింట్లు తీసే చేతులకి సొంత షాపుకి ఒక కాగితం తియ్యడానికి ఆరేళ్ళు పట్టిందా అని నవ్వొచ్చింది నాకు.

విసుగు సంగతికొస్తే మా అమ్మమ్మ గుర్తుకొస్తుంది. గోవిందరాజస్వామి గోపురానికి దగ్గర్లో ఆమె ఇల్లు. రోడ్డు మీదికి పెద్ద అరుగు. యాత్రికులు రాత్రిళ్ళు ఆ అరుగు మీద పడుకునేవాళ్ళు. తెల్లారి లేచి వాకిలి ఊడుస్తా ఆమె తిట్టని తిట్టు లేదు. 'దేశంలో అరుగులే లేవా, అందరూ నా అరుగు మీదే దొర్లాలా, ఈ వక్కపేడు ఉమ్మింది ఎవడు' అంటానే లోపలికి పోయి, కుండెడు మజ్జిగ తెచ్చి, ఉప్పు వేసి, కరివేపాకు నలిపి, చెంబు పక్కన పెట్టేది. పిల్లలుంటే ముందర వాళ్ళకి. మజ్జిగ పోస్తా కూడా తిట్టేది. ఆమెను ఓర్పు గలది అని ఎవరూ అనలేదు. అరుగు మాత్రం ఖాళీగా ఉండింది నేను చూడలేదు.

కోపం అనేది ఉండనే కూడదు అని ఈ ఊరు ఎప్పుడూ అనుకోలేదు. మే నెలలో గంగజాతర వారంలో వేషం కట్టినోళ్ళు ఎదురొచ్చినోణ్ణి బూతులు తిట్టినా ఎవరూ ఏమనుకోరు. తిట్టించుకున్నోడే నవ్వి పోతాడు. ఏడాది విసుగంతా కక్కడానికి పెద్దలు ఒక వారం పెట్టినారు. నువ్వు ఆ వారం దాకా ఆగలేకపోతున్నావు, అంతే తేడా.

నీ కోపం ఎప్పుడొస్తుందో చూసుకున్నావా? నీ ఉత్తరంలోనే ఉంది. పొద్దున ఆరుకి షట్టరు, మధ్యాహ్నం పన్నెండున్నరకి అరుపు. నడమ ఏం తిన్నావో రాయలేదు. తిని ఉండవు. టీ, బిస్కెట్టు, ఇంకో టీ. పదింటికి ఇంటినుంచి తెచ్చుకున్న సద్దో, నాలుగిడ్లీలో తిను. పది నిమిషాలు షాపు ఆగితే కొండ కిందికి దొర్లదు. నేను నా సర్వీసులో జనాన్ని కసిరిన రోజులన్నీ తీసి చూస్తే, సగం రోజులు ఉపవాసం రోజులే. శనివారం దేవుడి పేరు చెప్పి కడుపు మాడ్చుకునేది, ఆ దేవుణ్ణి చూడ్డానికొచ్చినోళ్ళ మీద అరిచేది. ఉపవాసాలు మానేశాక మా ఇంట్లోవాళ్ళు కూడా సంతోషపడినారు.

అందరినీ భరించమని చెప్పడం లేదు. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చి ప్రింటు తియ్యమనేవాడు, టికెట్టులో ఇంకొకరి పేరు ఎక్కించమనేవాడు, డబ్బులున్నాయి కదా అని 'ఏయ్' అని పిలిచేవాడు, వీళ్ళకి ఓర్పు అక్కర్లేదు. కుదరదు అని ఒక్కసారి చెప్పి తల తిప్పేసుకో. చార్జింగుకి పది రూపాయలు తీసుకుంటానన్నా నేను తప్పు పట్టను, కరెంటు బిల్లు కట్టేది మీరే. దారి అడిగినోళ్ళంతా తర్వాత బేరం ఇస్తారని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఇవ్వరు. ఓనరుకీ ఆ మాట చెప్పి ఒప్పించొద్దు, నెల తిరిగేసరికి లెక్క అడుగుతాడు.

తప్పిపోయిన పెద్దవాళ్ళు మళ్ళీ వస్తారు. నీ షాపున్న చోటు అట్లాంటిది. అప్పుడు చెయ్యాల్సింది కష్టమేం కాదు. ముందు లోపల కూచోబెట్టు, నీళ్ళివ్వు. నెంబరు గుర్తుందా అని అడిగితే చాలామందికి ఉండదు, ఫోన్లోనే ఉంటుంది, ఫోను కొడుకు దగ్గర ఉంటుంది. అందుకని నెంబరు కాదు, ఆధార్ అడుగు. టోకెను కోసమని దాదాపు అందరూ ఆధార్ తెచ్చుకుంటారు, నడుముకి కట్టుకున్న గుడ్డసంచిలోనో, జాకెట్లోనో ఉంటుంది. అందులో ఊరి పేరు ఉంటుంది, చాలాసార్లు భర్త పేరో కొడుకు పేరో ఉంటుంది. రోజూ వందల ఆధార్లు ఆ గాజు మీద బోర్లించేవాడివి, తిప్పి వెనక వైపు చదవడం నీకు తెలియనిది కాదు. ఊరు తెలిస్తే సగం పని అయినట్టే. బస్టాండు పోలీసుల దగ్గరికి పంపినా, 112కి ఫోను చేసినా, పెద్దవాళ్ళ కోసం ఉన్న 14567కి చేసినా, వాళ్ళు మొదట అడిగేది అదే. నీకు తీరిక లేకపోతే వరసలో ఉన్న ఎనిమిది మందిలో తమిళం వచ్చినోళ్ళు ఎవరని అడుగు. తిరుపతిలో ఎనిమిది మంది నిలబడిన చోట ఒకరికన్నా రాకుండా ఉండదు. ఆరోజు కూడా ఉండే ఉంటారు, నువ్వు అడగలేదు, వాళ్ళంతట వాళ్ళు పలకలేదు. ఆ గంటలో నీకు తోడు ఎనిమిది మంది ఉన్నారనేది కూడా గుర్తుపెట్టుకో. అది నీ తప్పు తగ్గించదు గానీ, నువ్వొక్కడివే రాక్షసుడివి అనుకోవద్దు.

ఆమె పేరు చెప్పి కొండకి పోయి హుండీలో ఏదన్నా వేద్దామనే ఆలోచన నీకు వచ్చే ఉంటుంది, మన ఊరోళ్ళం కదా. వేస్తే వెయ్యి. అది ఆమెకి చేరదు.

కుర్చీ గురించి ఓనరుని అడగొద్దు. అడిగితే వద్దంటాడు, వద్దన్నాక వేస్తే గొడవ. కుర్చీ కూడా వద్దు, ఒక పాత ప్లాస్టిక్ స్టూలు ఎవరి కంటికీ ఆనదు. షట్టరు కింద, లోపలి నీడ పడే చోట వెయ్యి. ఇదేందిరా అని ఎప్పుడో ఒకరోజు అడుగుతాడు. ప్రింటుకి టైము పట్టేటప్పుడు కస్టమర్లు నిలబడలేకపోతున్నారు సార్ అని చెప్పు. అబద్ధం కాదు కదా.